మెదడులోని మందు: ఆచార్య హాన్స్ కోస్టర్లిట్జ్ జీవితం

నల్లమందుకూ పక్షవాతానికీ ఏమి సంబంధమని ఎవరైనా అడిగితే, ఏమీ లేదనే మనలో చాలామంది జవాబు చెబుతారు. ఒకటి గసగసాల కాయకు గాటు పెడితే కారే పాలు ఎండి నల్లబడిన పదార్థం. రెండవది మెదడుకు రక్తం అందక కాలూ చెయ్యీ మాటా పడిపోయే వ్యాధి. మొదటిదానిని ఉర్దూలో అఫీమ్ అంటారు. అరబ్బీలోని అఫ్యూన్, గ్రీకులోని ఓపియాన్ ఆ మాటకు బంధువులే. రెండవదానిని ఫాలిజ్ అంటారు. యూనానీ హకీములకూ ఆయుర్వేద వైద్యులకూ ఈ రెండూ శతాబ్దాలుగా పరిచితాలే. కాని నల్లమందు శరీరంలో ఎక్కడ పట్టుకొని పనిచేస్తుందో, పక్షవాతం వచ్చినవాని మెదడులో నిమిష నిమిషానికి ఏమి జరుగుతుందో ఇటీవలి కాలం వరకు ఎవరికీ తెలియదు. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో సెర్ట్యూర్నర్ అనే జర్మన్ ఔషధకారుడు నల్లమందు నుండి మార్ఫిన్‌ను వేరు చేశాడు. ఆ తరువాత నూటయాభై ఏండ్లకు పైగా ఆ ప్రశ్న అక్కడే నిలిచిపోయింది.

ఆ ప్రశ్నకు జవాబు వెదకినవారిలో అగ్రగణ్యులు ఆచార్య హాన్స్ వాల్టర్ కోస్టర్లిట్జ్. జన్మచేత జర్మన్, వంశంచేత యూదు, నివాసంచేత స్కాట్లండు పౌరుడు. ఆయన సుప్రసిద్ధ పరిశోధన ఉద్యోగ విరమణ తరువాత జరిగినది. మనం డెబ్బదియవ ఏట మనుమల ముచ్చట్లు ఊహించుకుంటాము. ఆయన ఆ వయస్సులో కొత్త పరిశోధనాలయం తెరిచారు.

కోస్టర్లిట్జ్ 1903 ఏప్రిల్ 27వ తేదీన బెర్లిన్ నగరంలో జన్మించారు. తండ్రి వైద్యుడు. కాని కుమారుడు వైద్యుడు కావడం ఆయనకు ఇష్టం లేదు, న్యాయశాస్త్రం చదవమన్నాడు. తండ్రి మాట కాదనలేక కుమారుడు కొన్ని నెలలు ఆ చదువు చదివి, మనస్సు నిలువక వైద్యవిద్యకు మారిపోయాడు. చదువు ముగిసిన తరువాత బెర్లిన్‌లోని ప్రఖ్యాత ఛారిటే వైద్యశాలలో విల్‌హెల్మ్ హిస్ అనే ఆచార్యుని వద్ద సహాయకుడిగా చేరారు. గుండెలో విద్యుత్ ప్రేరణను మోసే కండరపు కట్టకు ఈ హిస్ గారి పేరే ఉన్నదని మన జీవశాస్త్ర విద్యార్థులకు గుర్తుండవచ్చు. అక్కడ కోస్టర్లిట్జ్ కు పట్టిన పిచ్చి చక్కెరలది. చక్కెర వ్యాధి ఉన్నవారి శరీరం పాలలోని గాలక్టోజ్ అనే చక్కెరను ఎట్లా వినియోగించుకుంటుందో ఆయన పరిశీలిస్తూ వచ్చారు.

1933 జనవరిలో హిట్లర్ అధికారానికి వచ్చాడు. అదే సంవత్సరం ఏప్రిల్ నెలలో యూదులను ప్రభుత్వోద్యోగాల నుండి తొలగించే చట్టం వెలువడింది. విశ్వవిద్యాలయాలు, వైద్యశాలలు, ప్రయోగశాలలు ఒక్క పెట్టున తమ ఉత్తమ పరిశోధకులలో ఎందరినో పోగొట్టుకొన్నాయి. ముప్పది ఏండ్ల వయస్సులో, చేతిలో పట్టా ఉండి, తలలో ప్రశ్నలు ఉండి, తన నగరంలో తనకు స్థానం లేదని తెలుసుకోవడం ఎట్లా ఉంటుందో ఊహించడం కష్టం. కోస్టర్లిట్జ్ విలపిస్తూ కూర్చోలేదు. చక్కెర వ్యాధి విషయంలో లోకంలో పెద్దదిక్కు ఎవరా అని చూశారు. ఇన్సులిన్ పరిశోధనకు 1923లో బాంటింగ్‌తో కలిసి నోబెల్ బహుమతి పొందిన జె. జె. ఆర్. మాక్లాయిడ్, టొరాంటో వదలి 1928లో తన సొంత గడ్డ అయిన స్కాట్లండులోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయానికి తిరిగి వచ్చి ఉన్నారు. ఆయనకు కోస్టర్లిట్జ్ ఉత్తరం రాశారు. 1934లో ఓడరేవు నగరమైన ఆబర్డీన్ చేరారు.

ఆశ్రయమిచ్చిన ఆ పెద్దమనిషి మరుసటి సంవత్సరం, 1935 మార్చిలో మరణించారు. పరాయి దేశం, పరాయి భాష, అండగా ఉన్న గురువు లేడు. అయినా కోస్టర్లిట్జ్ ఆబర్డీన్ వదలలేదు. అక్కడనే డాక్టరేట్ పొందారు. 1937లో, జర్మనీలో తనకు పరిచయమైన హన్నా గ్రెస్‌హోనర్‌ను వివాహమాడారు. గాలక్టోజ్ శరీరంలో ముందుగా ఏ రూపానికి మారుతుందో, అనగా గాలక్టోజ్ ఫాస్ఫేట్‌ను, గుర్తించినది ఆయనే. తరువాతి కాలంలో అర్జెంటీనా శాస్త్రజ్ఞుడు లెలువార్ చక్కెరల రసాయన మార్గాలను వివరించి 1970లో నోబెల్ బహుమతి పొందారు. ఆ మార్గంలో మొదటి మెట్టు కోస్టర్లిట్జ్ వేసినదే. యుద్ధకాలంలో ఆహారంలో మాంసకృత్తులు తగ్గితే కాలేయం ఏమవుతుందో పరిశోధించారు. 1943లో కుమారుడు మైకేల్ జన్మించాడు. ఈ బాలుని విషయం మరల వస్తుంది.

ఇంతవరకు ఆయన జీవితం ఒక సమర్థుడైన అధ్యాపకుని జీవితం. దీనితోనే ముగిసి ఉంటే శరీరధర్మశాస్త్ర గ్రంథాలలో ఒకటి రెండు చోట్ల ఆయన పేరు ఉండేది, అంతే.

యుద్ధానంతరం ఆయన దృష్టి నాడీమండలం వైపు మళ్ళింది. ముఖ్యంగా ప్రేవుల కదలిక వైపు. మనం తిన్న అన్నాన్ని ప్రేవు అలలు అలలుగా ముందుకు నెట్టుతుంది. ఈ పనికి మెదడు ఆజ్ఞ కూడ అక్కరలేదు. ప్రేవు గోడలోనే నాడీకణాల వల ఒకటి ఉన్నది. నల్లమందు తిన్నవారికి మలబద్ధకం తప్పదని మన నాటువైద్యులకు కూడ తెలుసు. విరేచనాలు కట్టడానికి దానిని వాడినదీ అందుకే. కోస్టర్లిట్జ్ ఈ సామాన్య విషయాన్ని పట్టుకొన్నారు. ప్రేవును మార్ఫిన్ ఆపగలిగితే, అది అక్కడి నాడీకణాలను ఆపుతున్నదన్నమాట. మెదడును కోసి చూడకుండా మార్ఫిన్ పనిని కళ్ళారా చూడటానికి ప్రేవు ముక్క ఒక కిటికీ అవుతుంది కదా అని ఆయన తర్కం.

ఆ ప్రయోగం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తరువాత జరిగినదంతా దాని మీదనే ఆధారపడి ఉన్నది. గినీపిగ్ చిన్నప్రేవు చివరి భాగం నుండి చిన్న ముక్క తీసి, శరీరపు వెచ్చదనంతో ఉన్న ఉప్పునీటిలో వేలాడదీస్తారు. ఆ నీటిలోనికి ప్రాణవాయువు బుడగలుగా వస్తూ ఉంటుంది. ముక్క ఒక కొసను కదలికను నమోదుచేసే పరికరానికి దారంతో కట్టుతారు. సుమారు పది సెకనులకొకసారి సన్నని విద్యుత్ ప్రేరణ ఇస్తే, ముక్క ముడుచుకొంటుంది. కాగితం మీద ఒక నిలువు గీత పడుతుంది. ఆ నీటిలో ఇసుమంత మార్ఫిన్ కలపగానే గీతలు పొట్టివైపోతాయి. నలోక్సోన్ అనే విరుగుడు కలిపితే మరల నిడుపు అవుతాయి. నొప్పి తగ్గించే శక్తి ఏ మందుకు ఎంత ఉన్నదో ఈ గీతల పొడవును బట్టి ఆశ్చర్యకరంగా అంచనా వేయవచ్చునని ఆబర్డీన్ బృందం నిరూపించింది. తరువాత 1972లో గ్రేమ్ హెండర్సన్, జాన్ హ్యూస్‌లతో కలిసి, మగ చిట్టెలుక శుక్రనాళిక కూడ మార్ఫిన్‌కు ఇట్లాగే స్పందిస్తుందని ప్రకటించారు. అణువులూ జన్యువులూ అని లోకమంతా పరుగులు తీస్తున్న కాలంలో ప్రేవు ముక్కలూ దారాలూ పట్టుకొని కూర్చున్న ఈ పద్ధతి పలువురికి పాతకాలపుదిగా కనిపించింది. పాతదైనా అది సూటి అయినది. జీవమున్న కణజాలం అబద్ధం చెప్పదు.

1968లో, అనగా తన అరవై అయిదవ ఏట, ఆయన ఆబర్డీన్‌లో ఔషధశాస్త్ర విభాగానికి ఆచార్యులై, దానికి మొదటి అధిపతి అయ్యారు. ముప్పది నాలుగేండ్లు ఒక విశ్వవిద్యాలయంలో పనిచేసిన పిదప వచ్చిన పదవి. అది అనుభవించినది ఐదేండ్లు మాత్రమే. 1973లో విరమణ వయస్సు వచ్చింది. పూలమాలలతో ముగియవలసిన కథ అక్కడే మలుపు తిరిగింది. వ్యసనకారక ఔషధాల పరిశోధనా విభాగం అనే చిన్న సంస్థను, నల్లరాతి కోటవలె కనిపించే మారిషల్ కళాశాల భవనంలో ఆయన నెలకొల్పారు. వియత్నాం యుద్ధం నుండి హెరాయిన్ అలవాటుతో తిరిగివచ్చిన సైనికుల సమస్య అమెరికాను కలవరపెడుతున్న రోజులవి. నొప్పిని చంపుతూ బానిసను చేయని మందు కావాలని ప్రభుత్వాలు ఆరాటపడుతున్నాయి. ఆయన సంకల్పమూ అదే.

అదే 1973లో మూడు ప్రయోగశాలలు, జాన్స్ హాప్‌కిన్స్‌లో కాండేస్ పెర్ట్, సాలమన్ స్నైడర్, న్యూయార్కులో ఎరిక్ సైమన్, స్వీడన్‌లోని ఉప్సాలాలో లార్స్ టెరేనియస్, మెదడులో మార్ఫిన్‌కు తగిన గ్రాహకం ఉన్నదని చూపించాయి. గ్రాహకమంటే తాళం వంటిది. మార్ఫిన్ తాళపుచెవి. ఇక్కడ బుద్ధిమంతులకు ఒక విచిత్రమైన ప్రశ్న తట్టింది. సృష్టిలో ఏ జంతువూ గసగసాల తోటలో పుట్టలేదు. మరి ఎక్కడో పెరిగే మొక్క పాలకోసం మన మెదడు తాళం ఎందుకు చేసి పెట్టుకొన్నది? శరీరంలోనే ఒక చెవి తయారవుతూ ఉండాలి. మార్ఫిన్ దానికి దొంగచెవి అయి ఉండాలి. ఆ అసలు చెవిని వెదకడానికి కోస్టర్లిట్జ్, హ్యూస్ పూనుకొన్నారు.

కష్టమంతా యువకుడైన హ్యూస్ పడ్డాడని చెప్పాలి. ఆ మాట చెప్పకపోతే న్యాయం కాదు. తెల్లవారుజామున సైకిలు మీద కబేళాకు వెళ్ళి, అప్పుడే కోసిన పందుల మెదళ్ళను మంచులో పెట్టుకొని తెచ్చేవాడు. వాటిని రుబ్బి, అసిటోన్‌లో కలిపి, వడగట్టి, ఆవిరిచేసి, మిగిలిన రసాన్ని శుక్రనాళిక ముక్క ఉన్న నీటిలో వేసి చూసేవాడు. అందులోని ఏదో పదార్థం గీతలను పొట్టిచేసింది. నలోక్సోన్ వేస్తే గీతలు తిరిగి లేచాయి. మెదడులో మార్ఫిన్ పనిచేసే పదార్థం ఒకటి ఉన్నదని ఆ రెండు గీతల తేడా చెప్పింది. ఇంచుమించు అదే కాలంలో ఉప్సాలాలో టెరేనియస్, వాల్‌స్ట్రోమ్ కూడ స్వతంత్రంగా అట్టి పదార్థాన్ని గుర్తించారు.

పదార్థం ఉన్నదనడం వేరు, అది ఏమిటో చెప్పడం వేరు. అమైనో ఆమ్లాల గొలుసు అని తేలింది గాని, గొలుసులోని వరుస ఒకసారి ఒకలాగ, మరొకసారి ఇంకొకలాగ తేలుతూ ఏడిపించింది. లిండా ఫోథర్‌గిల్, టెర్రీ స్మిత్, బారీ మోర్గన్, హోవర్డ్ మారిస్ సహాయపడ్డారు. చివరకు మారిస్ ద్రవ్యరాశి వర్ణపటమాపకంతో చిక్కు విప్పాడు. వారి చేతిలో ఉన్నది ఒకటి కాదు, రెండు పదార్థాల మిశ్రమం. రెంటిలోనూ ఐదేసి అమైనో ఆమ్లాలు. మొదటి నాలుగు ఒకటే, టైరొసిన్, గ్లైసిన్, గ్లైసిన్, ఫినైల్ అలనిన్. ఐదవది ఒకదానిలో మెథియొనిన్, రెండవదానిలో ల్యూసిన్. 1975 డిసెంబరులో నేచర్ పత్రికలో ఈ ఫలితం వెలువడింది. తలలో ఉన్నది అనే అర్థం వచ్చేటట్లు గ్రీకు మాటల నుండి వీటికి ఎన్‌కెఫలిన్లు అని పేరు పెట్టారు. కోస్టర్లిట్జ్ వయస్సు అప్పుడు డెబ్బది రెండు. మరుసటి సంవత్సరమే అమెరికాలో చో హావో లీ, చుంగ్ అనేవారు ఒంటెల పీయూష గ్రంథుల నుండి ఇంకా పెద్ద గొలుసు ఒకదానిని, బీటా ఎండార్ఫిన్‌ను, వేరుచేశారు. అటుపిమ్మట ఈ జాతి పదార్థాల కోసం లోకమంతటా వేట సాగింది.

వ్యసనం లేని మందు దొరికినదా? దొరకలేదు. ఎన్‌కెఫలిన్ రక్తంలో కొద్ది నిమిషాలు కూడ నిలవదు. ఎంజైములు దానిని ముక్కలు చేస్తాయి. నిలిచేటట్లు చేసిన రూపాలూ అలవాటు కలిగించేవేనని జంతువులలో తేలింది. శరీరం తయారుచేసినది గనుక హాని చేయదనుకోవడం అమాయకత్వమని అప్పటికి అందరికీ అర్థమయినది. ఆ విధంగా చూస్తే ఆయన ఏ ఆశతో ఆ విభాగం తెరిచారో ఆ ఆశ నెరవేరలేదు. కాని అదే గదిలో 1977లో మరొక విషయం బయటపడింది. ఈ వ్యాసరచయిత అభిప్రాయంలో ఎన్‌కెఫలిన్ కంటే అదే పెద్దది.

గినీపిగ్ ప్రేవు మీద మార్ఫిన్ బలమైనది, ఎన్‌కెఫలిన్ బలహీనమైనది. చిట్టెలుక శుక్రనాళిక మీద దీనికి తలక్రిందులు. అక్కడ ఎన్‌కెఫలినే బలమైనది. పైగా అక్కడ ఎన్‌కెఫలిన్ పనిని ఆపడానికి నలోక్సోన్ ఎక్కువ మోతాదులో కావలసివస్తున్నది. లార్డ్, వాటర్‌ఫీల్డ్, హ్యూస్, కోస్టర్లిట్జ్ ఈ లెక్కలను ఎదురెదురుగా పెట్టి చూచి, తాళం ఒకటి కాదన్నారు. అమెరికాలో విలియం మార్టిన్ కుక్కల మీద చేసిన పరిశీలనలతో అంతకు ముందు సంవత్సరం మ్యూ, కప్పా అనే గ్రాహకాలను ప్రతిపాదించి ఉన్నాడు. శుక్రనాళికలో ఉన్నది వానికి భిన్నమైన మరొక గ్రాహకమని ఆబర్డీన్ బృందం ప్రకటించి, ఆ నాళిక లాటిన్ పేరులోని డి అక్షరాన్ని బట్టి దానికి డెల్టా అని పేరు పెట్టింది. మార్ఫిన్ ముఖ్యంగా తెరిచేది మ్యూ తాళాన్ని. నొప్పి తగ్గడం, మత్తు, వ్యసనం, మోతాదు మించితే శ్వాస ఆగిపోవడం, ఇవన్నీ ప్రధానంగా దాని పనులే. ఎన్‌కెఫలిన్‌కు ప్రియమైన తాళం డెల్టా.

1978లో హ్యూస్, స్నైడర్‌లతో పాటు ఆయనకు లాస్కర్ బహుమతి లభించింది. అదే సంవత్సరం రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది. బహుమతి జాబితాలో కాండేస్ పెర్ట్ పేరు లేనందుకు ఆమె బహిరంగంగా నిరసన తెలిపింది. ఆమె ఫిర్యాదు కోస్టర్లిట్జ్ మీద కాదు. అయినా ఆ వివాదం వల్లనే ఈ పరిశోధనకు నోబెల్ బహుమతి రాలేదని చెప్పేవారున్నారు. ఎవరి వల్ల అయితేనేమి, ఆయనకు అది రానేలేదు.

ఇక పక్షవాతం సంగతికి వస్తాము. మెదడు బరువు శరీరంలో నూటికి రెండు వంతులే గాని, ప్రాణవాయువులో సుమారు అయిదవ వంతు అదే వాడుకొంటుంది. దానికి నిలువ లేదు. రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే, దాని మధ్యభాగంలోని కణాలు నిమిషాలలో చనిపోతాయి. చుట్టూ ఉన్న భాగం వెంటనే చావదు. గ్రహణవేళ పూర్ణచ్ఛాయ చుట్టూ ఉండే ఉపచ్ఛాయ వలె అది సగం వెలుగులో, సగం చీకటిలో కొన్ని గంటలు ఊగిసలాడుతుంది. 1981లో శాస్త్రజ్ఞులు దానికి గ్రహణ పరిభాషలోని ఆ పేరునే స్థిరపరచారు. ఆ భాగంలో జరిగేది ఇది. శక్తి లేక కణాల పంపులు నిలిచిపోతాయి. పొటాషియం బయటికి కారిపోతుంది. సోడియం, కాల్షియం లోపలికి దూసుకువస్తాయి. చనిపోతున్న కణాలు గ్లూటమేట్ అనే ఉత్తేజక పదార్థాన్ని కుమ్మరిస్తాయి. అది పక్క కణాలను ఓపలేనంత ఉత్తేజపరచి చంపుతుంది. ఒక ఇంటికి నిప్పంటుకొని గాలికి పూరిళ్ళ వరుస తగలబడినట్లు చావు ఒకదాని నుండి మరొకదానికి పాకుతుంది. మన ఊళ్ళలో పక్షవాతం వచ్చినవారిని పసరు మందుకోసం ఊరూరా తిప్పి, మరునాటికో మూడవనాటికో ఆసుపత్రికి తెచ్చేవారు నేటికీ ఉన్నారు. ఆ తిరుగుడులో బూడిదయ్యేది ఈ ఉపచ్ఛాయా భాగమే.

ఎన్‌కెఫలిన్‌లు కనుగొన్న తొలి రోజులలో వైద్యుల ఊహ ఇంకొక వైపు పోయింది. శరీరంలోని ఈ మార్ఫిన్ వంటి పదార్థాలే దెబ్బతిన్న మెదడును మరింత అణచివేస్తున్నాయేమో, వాటిని నలోక్సోన్‌తో అడ్డుకుంటే మేలేమో అనుకొన్నారు. 1981లో లాన్సెట్ పత్రికలో కొద్దిమంది రోగులకు నలోక్సోన్‌తో గుణం కనిపించినదని ప్రకటన వెలువడి పెద్ద ఆశ రేపింది. తరువాతి పరీక్షలలో ఆ ఆశ నిలువలేదు. నల్మెఫీన్ అనే మరొక విరుగుడుమందు కూడ 2000 సంవత్సరంలో ప్రకటించిన పెద్ద పరీక్షలో విఫలమయింది. నలోక్సోన్ అన్ని తాళాలనూ మూసివేసే మందు. మూడు తాళాలూ మూడు వేరు వేరు పనులు చేస్తున్నప్పుడు, అన్నిటినీ ఒక్కసారి మూస్తే మేలూ కీడూ కలిసి పోతాయి. కోస్టర్లిట్జ్ బృందం 1977లో చెప్పిన విభజన విలువ ఇక్కడ బోధపడుతుంది.

1992లో డెల్టా గ్రాహకపు జన్యువును అమెరికాలోనూ ఫ్రాన్సులోనూ రెండు బృందాలు వేరు వేరుగా కనుగొన్నాయి. కోస్టర్లిట్జ్ అది చూడటానికి జీవించి ఉన్నారు. 1996 అక్టోబరు 26వ తేదీన, తొంబది మూడేండ్ల వయస్సులో, శరణార్థిగా అడుగుపెట్టిన ఆబర్డీన్‌లోనే కన్నుమూశారు. మెదడులోని గడ్డను కరిగించే మందుకు అమెరికాలో అనుమతి లభించినది కూడ అదే 1996లో. ఆ మందు మొదట మూడు గంటలలోపు, తరువాతి పరీక్షల అనంతరం నాలుగున్నర గంటలలోపు ఇస్తేనే ఫలిస్తుంది. గడ్డను కరిగించేది ఉన్నది గాని, అంతవరకు కణాలను బతికించి ఉంచేది లేదు.

ఆ రెండవ పనికి డెల్టా పనికివస్తుందన్న సూచన ఊహించని చోటి నుండి వచ్చింది. చలికాలమంతా బొరియలో నిద్రించే నేల ఉడుత మెదడుకు రక్తప్రసారం మామూలులో పదవ వంతుకు పడిపోయినా దానికి పక్షవాతం రాదు. ఆ శీతనిద్ర వెనుక ఎన్‌కెఫలిన్ వంటి పదార్థమేదో పనిచేస్తున్నదని కొందరు అనుమానించారు. 1990లలో, త్వరగా విరిగిపోకుండా మార్పుచేసిన డాడల్ అనే కృత్రిమ ఎన్‌కెఫలిన్‌ను వాడి, దేహం నుండి తీసిన అవయవాలను మామూలుకంటే ఎక్కువ కాలం సజీవంగా ఉంచగలిగారు. 2000లో యింగ్ షియా, హద్దాద్, వారి సహచరులు ఎలుక మెదడు కణాలను గ్లూటమేట్‌కు గురిచేసి చూశారు. డెల్టా తాళం తెరిచి ఉంచితే కణాల మరణం తగ్గింది. మ్యూ, కప్పా తాళాలతో ఆ ఫలితం రాలేదు. మరుసటి సంవత్సరం వారే తాబేలు మెదడును ఎలుక మెదడుతో పోల్చారు. ప్రాణవాయువు లేకుండ గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు రోజుల తరబడి బతుకగల మంచినీటి తాబేలు మెదడులో డెల్టా గ్రాహకాలు ఎలుకలో కంటే చాలా ఎక్కువగా ఉన్నవి.

తాళం తెరిస్తే ఏమవుతుంది? కణంలోనికి కాల్షియం, సోడియం చొరబాటు తగ్గుతుంది. పొటాషియం కారిపోవడం తగ్గుతుంది. గ్లూటమేట్ విడుదల మందగిస్తుంది. చావును వాయిదా వేసే లోపలి సంకేతాలు మేల్కొంటాయి. చుట్టూ ఇండ్లు కాలుతుంటే తన ఇంటి తలుపులు కిటికీలు బిగించి, కప్పు మీద తడి గోనెలు కప్పుకొన్నట్లు కణం తనను తాను కాపాడుకొంటుంది. ఎలుకలలో మెదడు రక్తనాళాన్ని మూసి చేసిన ప్రయోగాలలో, డెల్టాను ప్రేరేపిస్తే చచ్చిన భాగపు పరిమాణం తగ్గినట్లు పలుమార్లు చూపించారు.

అయితే విద్యార్థులు తొందరపడకూడదు. ఎలుకలో పనిచేసి మనిషిలో విఫలమైన మెదడు రక్షక మందుల జాబితా చాలా పెద్దది. డెల్టాను ప్రేరేపించే కొన్ని రసాయనాలు జంతువులలో మూర్ఛలు కలిగించినవి. ఎన్‌కెఫలిన్ జాతి పదార్థాలు రక్తం నుండి మెదడులోనికి సులభంగా చొరవు. కప్పా గ్రాహకం విషయంలో ఫలితాలు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నవి. పక్షవాతానికి చికిత్సగా ఆమోదం పొందిన డెల్టా మందు ఇంతవరకు లేదు. నల్లమందుగాని మార్ఫిన్‌గాని మెదడును కాపాడుతుందని ఎవరైనా దీనినుండి అర్థం తీసుకొంటే అది ఘోరమైన పొరపాటు. అవి ముఖ్యంగా మ్యూ తాళానివి. పక్షవాత రోగికి శ్వాస మందగించడం కంటే అపాయం వేరే లేదు.

కోస్టర్లిట్జ్ కుమారుడు మైకేల్ తండ్రి మార్గం పట్టలేదు, భౌతికశాస్త్రజ్ఞుడయ్యాడు. పదార్థపు విచిత్ర దశల మీద చేసిన పరిశోధనకు 2016లో థౌలెస్, హాల్డేన్‌లతో కలిసి నోబెల్ బహుమతి పొందాడు. తండ్రికి రానిది ఇరవై ఏండ్ల తరువాత ఆ ఇంటికి ఆ విధంగా వచ్చింది. ఆబర్డీన్ విశ్వవిద్యాలయంలో ఔషధ పరిశోధనా కేంద్రం ఒకటి నేడు కోస్టర్లిట్జ్ పేరిట ఉన్నది. మెదడును కాపాడే మందుకోసం వెదుకుతున్న ప్రయోగశాలలన్నీ, ఒక చిట్టెలుక శుక్రనాళిక నుండి ఆయన బృందం తీసిపెట్టిన ఆ డెల్టా అనే పేరునే వాడుతున్నవి.